కేశవాచారి గొంతు

మనుషులకు నకళ్ళు తయారుచేసుకోవడం ఇంటింటా మామూలైపోయిన రోజులవి. కేశవాచారి కూడా సరదాకి తన గేమింగ్ కంప్యూటర్లో ఒక ఏఐకి తన గొంతూ, మాటతీరూ నేర్పాడు. ఇంట్లోవాళ్ళు పిలిస్తే అదే పలికేది. అతను గదిలో తలుపేసుకుని ప్రోగ్రాములు రాసుకునేవాడు.

ఏడాది తిరిగేసరికి అతన్ని పిలిచేవాళ్ళే లేకపోయారు. ఒకరోజు కూతురు హాస్టల్‌కి పెట్టె సర్దుకుంటూ, తల్లితో "నాన్న ఒప్పుకున్నాడుగా" అంది. ఒప్పుకున్నది తన గొంతుతో కంప్యూటరేనని గ్రహించి అతను దాన్ని ఆపబోయాడు. భార్య మృదుల అడ్డొచ్చింది.

"దాన్నుండనివ్వండి. ఇంట్లో మాతో మాట్లాడేది అదొక్కటే."

"నేను లేనూ?"

"అయితే చెప్పండి, పిల్ల ఎందుకు వెళ్ళిపోతానంటోంది?"

కంప్యూటరే అతని గొంతుతో మెల్లగా అంది: "ఇంట్లో నాన్న లేడని."

స్విచ్ మీద పెట్టిన వేలు అతను నొక్కనూలేకపోయాడు, తీయనూలేకపోయాడు.