గంతే గదా

“నవల సంగతి సరే. అండ్ల భర్త ఎట్లనిపించిండు? అది చెప్పుండ్రి,” అన్నాడు సిద్దిరాములు.

చాంద్‌పాషా బైండింగ్ దుకాణంలో నలుగురూ చాప మీద కూర్చున్నారు. కాగజ్‌నగర్‌లో నవలల పిచ్చి ఉన్నవాళ్లు నెలకో ఆదివారం ఇక్కడ కలుస్తారు. ఎవరికి ఇష్టమైన నవల వాళ్లు తెస్తారు. మిగతావాళ్లు చేతులు మార్చుకుని చదివి, వచ్చే నెల మాట్లాడతారు. సిద్దిరాములు పెద్దపల్లి నుంచి రైలెక్కి వస్తాడు. ఎప్పుడొస్తావని ఇంట్లో అడిగేవాళ్లు లేరు.

పోయిన నెల అతను ఇచ్చిన నవల ‘ఊకొట్టని ఇల్లు’. రాసినవారి పేరు ఉండాల్సిన చోట ‘వాగు’ అని ఉంది. ఆడో మగో తెలియని కలం పేరు.

ఒక్కరు చాలు. ఆ భర్త చెడ్డవాడు కాదని ఒక్క పాఠకుడు అంటే చాలు, ఈ రాత్రి నిద్ర పడుతుంది. కరీంనగర్‌లో చదివినవాళ్లు ఎవరూ అనలేదు. మంచిర్యాలలోనూ అనలేదు. అందుకే ఇంత దూరం వచ్చాడు.

“కొట్టడు, తాగడు,” అంది అతియా. ఆమె బడిలో ఉర్దూ చెబుతుంది. తెలుగు నవల దొరికితే అన్నం మరుస్తుంది. “జీతం తెచ్చి చేతిల పెడ్తడు. కని ఆయనది ఒక్క మాట ఉంది సార్, ‘గంతే గదా’ అని. మొదటి కాన్పు పోయి ఆమె ఏడుస్తుంటే ‘గంతే గదా’ అంటడు. పాటకు బహుమతి వచ్చిందని ఆమె ఉరికొచ్చి చెప్తే, గప్పుడు గూడ ‘గంతే గదా’. గా మాట వచ్చినప్పుడల్ల నేను పుస్తకం మూసి పక్కకు పెట్టిన.”

“మా అవ్వ అయితే చాట తిరగేసి కొడుతుండె,” అన్నాడు మిల్లులో పనిచేసే హనుమండ్లు. “నాకైతే శవం దొరకందే నవల మొదలుగాదు. గీ భర్త శవమైతడేమోనని ఆఖరుదాక చూసిన. కాలే.”

చాంద్‌పాషా నవ్వాడు. పుస్తకం వెన్ను విడిపోతుంటే అతనే కొత్తగా కుట్టి పెట్టాడు. “ఎన్నిసార్లు తిరగేసిండ్రో సాబ్! గా ‘గంతే గదా’ ఉన్న పేజీలే ఎక్కువ నలిగినయ్.”

సిద్దిరాములు నవ్వలేదు.

“మన దిక్కు అందరి నోట్ల ఉండే మాటేనాయె,” అన్నాడు. “ధైర్యం చెప్దామనుకున్నడేమో. పెద్ద బాధను జర చిన్నగ చేసి చూపిద్దామనుకున్నడేమో. గట్ల ఆలోచించిండ్రా ఎవరన్న?”

గొంతు తనకే కొత్తగా వినిపించింది. లోపల ఎన్నాళ్లుగానో నడుస్తున్న వాదన అది. ఇవాళ నోరు దాటింది.

“గట్లయితే గా ముక్క నవలల ఉండాలె గదా సార్,” అంది అతియా. “యాడుంది? ఆయన మనసుల ఏముందో ఒక్క పేజీల గూడ లేదు.”

“ఉండదు. ఆయనను ఎవరూ అడగలే.”

హనుమండ్లు కళ్లు చిన్నవి చేసి చూశాడు. “పెద్దమనిషీ, దొరికినవ్! గీ నవల నువ్వే రాసినవ్ గదా? భర్తను ఒక్క మాటంటే గింత కోపం రాసినోనికే వస్తది. వాగు అంటె నువ్వే!”

సిద్దిరాములు చెవులు వేడెక్కాయి. కాదనాలి. అనలేదు. ముగ్గురి చూపుల్లోకి ఒక్కసారిగా వచ్చిన ఆ గౌరవం, ఎండన పడి వచ్చినవాడి వీపుకు చల్లటి గోడలా తగిలింది. కాసేపు దానికి ఆనుకున్నాడు.

“యా అల్లా! ముందుగాల చెప్పొద్దా సాబ్?” అంటూ చాంద్‌పాషా ఫ్లాస్కులోని చాయ్ గ్లాసుల్లో పోశాడు.

అతియా పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. “అయితే ఒక్క మాట సార్. గిది పగబట్టి రాసింది కాదు. ఆయన దగ్గు, ఆయన చెప్పులు విడిచే చప్పుడు, అన్నీ ఉన్నయి గిండ్ల. ఇష్టం లేని మనిషిని ఎవరు గింతగనం వింటరు?”

ఏ ఊరిలోనూ దొరకని మాట. అతను అడిగినదానికన్నా పెద్దది. సిద్దిరాములుకు కళ్లు చెమ్మగిల్లాయి. ఈ పిల్లకు ఏమిచ్చినా తక్కువే అనిపించింది.

అతియా ఇంకేదో చెప్పబోయి ఆగింది. చాయ్ గ్లాసు కింద పెట్టింది. మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“మీరు రాసేటోళ్లు గనుక చెప్తున్న సార్. మా ఇంట్ల ఎవరికీ తెలువది. నేను గూడ నవల రాస్తున్న. తెలుగుల. రెండేండ్లాయె. రాసుడు, చింపుడు. భయమైతది. నోరిడిచి చెప్పుడు గిదే మొదలు.”

ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఈ వణుకును ఎక్కడో చూశాడు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోవాలి. భయపడకు అనాలి. రాయి అనాలి. ఇది చిన్న సంగతి కాదు బిడ్డా అనాలి. గుండెలో ఉన్నదంతా కూడగట్టుకుని, ప్రేమగా నవ్వుతూ, సిద్దిరాములు నోరు తెరిచాడు.

“గంతే గదా!”

హనుమండ్లు గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. అతియా పుస్తకాన్ని నెమ్మదిగా అతని వైపు జరిపింది.

“సాబ్,” అన్నాడు చాంద్‌పాషా, “గిది రాసింది మీరు కాదు గదా?”

సిద్దిరాములు అట్ట మీది పేరును బొటనవేలితో తుడుస్తూ అన్నాడు, “కాదు, మా ఇంటామె.”