చేతులు మార్చండి

“ఇగో, మల్ల తయారైంది ఎగురుడుకు,” అంది రుక్కమ్మ, కొడుకు ముందు సాయంత్రం టీ కప్పు పెడుతూ.

రాజేందర్ తలెత్తి చూశాడు. భార్య మమత అద్దం ముందు నిలబడి జడలో పూలు పెట్టుకుంటోంది. ఆమె ఇంట్లో గరిటె పట్టి నెలలవుతోంది. వంట, వడ్డన అన్నీ రుక్కమ్మవే. మమత కంచం, గ్లాసు కిటికీ పక్కన విడిగా ఉంటాయి. తన గిన్నెలు తను కడుక్కుంటుంది, తన బట్టలు తను ఉతుక్కుంటుంది, అంతే. దసరా నుంచి రాజేందర్ పడక కూడా ముందుగదిలోకి మారింది.

“పోకుంటే ఏమైతది?” అన్నాడు.

“ఆఫీసోళ్లు నేర్పిస్తున్నరు. వచ్చే నెల అమెరికా నుంచి క్లయింట్లొస్తే వాళ్ల డాన్సు ఆడి చూపియ్యాలె.”

“నీది కంప్యూటర్ల టైపు కొట్టే పని. ఎగురుడు కూడా నీ పనేనా?”

“నా పేరు నేనే ఇచ్చిన,” అంది మమత చెప్పులు వేసుకుంటూ.

ఆమె సందు మలుపు తిరిగాక రుక్కమ్మ ముఖం చిట్లించింది.

“నలుగురు మొగోళ్లు, నలుగురు ఆడోళ్లంట. చేతులు పట్టుకొని తిరుగుతరంట. ఎట్ల బుద్ధయితదిరా వాళ్లకు? నాకైతే తలుసుకుంటెనే రోతయితది.”

రాజేందర్‌కి టీ సయించలేదు. లేచి స్కూటర్ తీశాడు.

కొండాపూర్ నుంచి హైటెక్ సిటీ వైపు దారంతా బండలు పేల్చిన దుమ్ము. మమత ఆఫీసు కొత్త బిల్డింగులో పై అంతస్తు. క్యాంటీన్‌లో బల్లలు గోడకు నెట్టి చోటు చేశారు. రాజేందర్ తలుపు దగ్గరే ఆగి చూశాడు.

టేప్‌రికార్డర్‌లో ఫిడేలు పాట జోరుగా మోగుతోంది. నాలుగు జంటలు నలుచదరంగా, ఎదురెదురుగా నిలబడ్డాయి. ట్రైనింగ్ మేనేజర్ రామ్మోహనరావు కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు.

“కుడి చెయ్యి ఇవ్వండి! తిరగండి! ఇప్పుడు ఎడమ చెయ్యి పక్కవాళ్లకండి! చేతులు మార్చండి!”

మమత ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తోంది. బట్టతల పెద్దమనిషి ఒకాయన ఆమె అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఊపాడు. కళ్లద్దాల పొడుగాటాయన వేళ్లు పట్టుకుని గిర్రున తిప్పాడు. అన్నీ చెమట చేతులు. వాళ్ల చెమట ఈమెకు, ఈమెది ఇంకొకడికి. ఛీ! రాజేందర్‌కి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. అన్నిటికన్నా రోత పుట్టించింది మమత నవ్వు. ఇంట్లో ఆమె అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

పాట అయిపోయేదాకా ఓపిక పట్టలేకపోయాడు.

“మమతా!”

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రామ్మోహనరావు కుర్చీ దిగి నవ్వుతూ ఎదురొచ్చాడు.

“మీవారాండీ? రండి సార్, మీరూ ఒక చెయ్యి కలపండి.”

“నాకు గిసుంటి రోగాలు లేవు,” అన్నాడు రాజేందర్.

మమతను అక్కడినుంచి బరబరా ఈడ్చుకుపోవాలన్నంత కోపంగా ఉంది అతనికి. “నడువు,” అని తనే ముందు మెట్లు దిగాడు. మమత వెనకే దిగింది. స్కూటర్ దగ్గరికి వచ్చాక అతను గిరుక్కున తిరిగాడు.

“సిగ్గు లేదా? ఎవడు పడితే వాడు చెయ్యి పట్టుకుంటే గట్ల నవ్వుతవా?”

ఆమె జారిన పువ్వును మళ్లీ జడలో గుచ్చుకుంది.

“నీ మొగుడు సచ్చిండా? చెప్పు, ఇంట్ల ఏం తక్కువైంది నీకు?”

మమత రెండు చేతులూ వీధిదీపం వెలుగులో అతని ముందుకు చాచింది. అతను చప్పున ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఈ తెల్లమచ్చలు లేచినంక, నా చెయ్యి ముట్టింది వాళ్లొక్కళ్లే.”