జీపులో జాగ

గోవర్ధన్ పొద్దుటి నుంచి ఒకే నంబరుకు ఫోను చేస్తున్నాడు. కలవడం లేదు.

నారాయణఖేడ్ బస్టాండు పక్క గల్లీలో అతనిది విత్తనాల దుకాణం. మనిషి దుకాణంలో ఉన్నా, మనసు రాజస్థాన్‌లో తిరుగుతోంది. జైసల్మేరు దగ్గరి ఎడారి జాతీయ పార్కుకు పోవాలి. బట్టమేక పిట్టను కళ్లారా చూడాలి, ఫోటో తీయాలి. తాత కాలంలో నాగల్‌గిద్ద జొన్నచేలల్లో కూడా తిరిగేదట ఆ పిట్ట. ఇప్పుడు ఈ దిక్కున దాని జాడే లేదు.

ముగ్గురు దోస్తులు సరేనన్నారు. రైలు టికెట్లు అయ్యాయి. ఇక పార్కు అనుమతి, జీపు. ఆ రెండూ చూడాల్సిన గైడు మాత్రం దొరకడు.

"ఎడారిల సిగ్నల్ ఏడుంటది? జరసేపు కూసోరాదు," అంది గల్లా దగ్గరున్న భార్య స్వరూపరాణి.

గోవర్ధన్ కూర్చోలేదు. గడప దాకా పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. కందికోతలు మొదలైతే నాన్న కాలు కదపనివ్వడు.

అప్పుడే వచ్చిందామె. యాభై దాటి ఉంటుంది. ఎండకు కమిలిన మొహం.

"సేటూ, జైసల్మేరుకు పోతున్నరంట గద?"

"ఎవరు చెప్పిన్రు?"

"చాయ్ హోటల్ల అనుకుంటున్నరు. నన్ను గూడ తోల్కపోండ్రి."

గోవర్ధన్‌కు నవ్వొచ్చింది. "ఆడ నీకేం పనమ్మా?"

"నా కొడుకున్నడు. సూసొస్త."

ఫోను మోగింది. గైడేమో అనుకుని ఎగబడి తీశాడు. ఎరువుల డీలరు. విసుగ్గా ఆమెకు చేయి ఊపాడు, తర్వాత రమ్మన్నట్టు.

ఆమె పోయాక చాయ్ హోటల్ శివశంకర్ నవ్వుతూ వచ్చాడు.

"హన్మమ్మ మా కంగ్టి ఊరామెనే. కొడుకేడికెళ్లి వచ్చిండు? మొగడు పోయిండు, పిల్లలే కాలేదు. కూలికి దేశమంత తిరుగుతది. తిరిగి తిరిగి జర ఇట్లయింది," అంటూ తల పక్కన వేలు తిప్పాడు.

మర్నాడు హన్మమ్మ మళ్లీ వచ్చింది.

"జీపుల ఓ మూలకు కూసుంట సేటూ. మీ సామాన్లు నేను మోస్త."

"పరేషాన్ చెయ్యకమ్మా. ఇంకా జీపే దొరకలేదు."

ఆమె వెనుదిరిగాక స్వరూపరాణి ఊరుకోలేదు. "ఎవరి కాడికి పోతదో అడుగరాదు? పేరన్న అడుగు."

"పిల్లలే లేని ఆమెకు కొడుకేంది? ఆడికి పోయినంక కొడుకేడని ఇసుకల దేవులాడాల్నా? పిట్టను ఎప్పుడు సూడాలె?"

ఆ సాయంత్రం హన్మమ్మ మూడోసారి వచ్చింది. లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడింది.

"రేపు పొద్దుగాల లారీ ఎక్కుతున్న సేటూ. కర్ణాటకల చెరుకు కొట్టుడు పని. మీరు తోల్కపోతమంటే ఆగుత. లేకుంటే మల్ల ఎండకాలమే వచ్చుడు."

గోవర్ధన్ ఫోను లోంచి తల ఎత్తలేదు.

"జీపుల జాగ లేదమ్మా."

జాగ ఉంది. ఏ జీపైనా నలుగురికి పోను ఇంకో ఇద్దరికి ఉంటుంది.

ఆమె ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగింది.

"సరే బిడ్డా, పైలంగ పోయి రాండ్రి. పట్టపగటి ఎండల బండి దిగి దూరం పోకుండ్రి. ఇసుక అంత ఒక్కతీరే ఉంటది, తొవ్వ దొరకది."

తెల్లవారి షట్టరు ఎత్తుతుంటే లారీ ఎదురుగా పోయింది. మూటల మీద కూర్చున్న కూలీల మధ్య హన్మమ్మ కనిపించింది. చేయెత్తి నవ్వింది. అతడు నంబరు నొక్కుతూ తల ఊపాడు.

మధ్యాహ్నానికి ఫోను కలిసింది.

గోవర్ధన్ గుండె ఎగిరి గంతేసింది. వచ్చీరాని హిందీలో గబగబా చెప్పాడు. నలుగురం, నారాయణఖేడ్ నుంచి, జీపు కావాలి.

నారాయణఖేడ్ మాట వినగానే అవతలి గొంతు మారింది.

"మంచిగున్నరా సార్? తిన్నరా?"

తెలుగు! అదీ అచ్చంగా కంగ్టి యాస.

"అరె, తెలుగెట్ల నేర్చినవ్?" గోవర్ధన్ పకపకా నవ్వాడు.

"మా అమ్మ నేర్పింది. మీ దిక్కే ఆమెది."

అక్కడితో అతని తెలుగు అయిపోయింది. హిందీలోకి మారాడు.

"నాలుగేళ్ల కింద నా జీపు ఇసుకలో బోల్తా పడింది సార్. కాలు విరిగింది. నీళ్లు లేవు. కరెంటు తీగల పనికొచ్చిన కూలీల లారీ దూరంగా పోతోంది. అందులోంచి ఒక్కామె నన్ను చూసి దూకేసింది. లారీ ఆగలేదు. నన్ను వీపున వేసుకుని, ఆ ఎండలో, రోడ్డు దాకా మోసింది. నేను లేచి నడిచేదాకా దవాఖానలో పక్కనే ఉంది. దాంతో ఆమె పని పోయింది."

గోవర్ధన్ నవ్వు ఆగిపోయింది.

"నన్ను కన్నతల్లి చిన్నప్పుడే పోయింది. మళ్లీ వస్తానని ఊరికి వెళ్లింది ఈ అమ్మ. ఆమెకు ఫోను లేదు. ఆమె పేరు, మీ ఊరి పేరు తప్ప నాకేమీ తెలియదు. ఈ నెల్లో నా పెళ్లి సార్. వెతికి మీ వెంట తీసుకురండి, జీపులో జాగ ఉంటుంది."

గోవర్ధన్ ఫోను చెవికి ఆనించుకునే వీధిలోకి వచ్చాడు. రోడ్డు బోసిగా ఉంది. ఏ ఊరి చెరుకు తోటలకని కూడా ఆమెను అడగలేదు.

"ఏమాయె? ఏమంటుండు?" లోపలి నుంచి స్వరూపరాణి.

అతడు లారీ పోయిన దిక్కే చూస్తూ ఫోనులో అడిగాడు.

"నీ పేరేంది తమ్మీ?"

"దుర్గేశ్ సార్... కానీ ఇక్కడ అందరూ నన్ను హన్మమ్మ కొడుకనే పిలుస్తారు."