బీజాన్ బొమ్మ

జానెడు కొయ్యబొమ్మ చేతుల చీలలు మళ్ళీ విరిగాయి. తడ ఊరి దగ్గరి సరస్సు మీంచి వచ్చే ఉప్పుగాలికి కొయ్యచీలలు పాడవుతున్నాయని మొదట్లో అనుకున్నాడు బడేసాహెబ్. కొత్త చీలలు దిగ్గొట్టి, జిగురు పూసి, చేతులు కిందికి దించి దారం చుట్టి పెడతాడా, దీపం ఆర్పాక పుటుక్కుమని చప్పుడు. తెల్లారి చూస్తే రెండు చేతులూ పైకి చాచి ఉంటాయి.

కూతురు బీజాన్ కోసం చెక్కిన బొమ్మ అది. పోయిన వేసవిలో అమ్మవారు పోసి మంచాన పడ్డ పిల్ల, గుమ్మంలో తండ్రి కనిపించినప్పుడల్లా అలాగే చేతులు చాపేది. తాకితే పొక్కులు చిట్లుతాయన్నారు పెద్దలు. అతను ఎత్తుకోలేదు. చివరిదాకా ఎత్తుకోలేదు.

ఈ రాత్రి ఇనప మేకులు చేతిలోకి తీసుకున్నాడు.

“కొయ్యబొమ్మకి ఇనుము తగలనిచ్చేవాడు కాదే మీ నాయన,” అంది భార్య షంషున్నీసా. “వద్దయ్యా. దాన్ని అట్టనే ఉండనీ.”

“రోజూ చేతులు చాపతా ఉంటే నేనెట్ట బతికేది?”

రెండు భుజాల్లోకీ మేకులు దిగాయి. బొమ్మను తమకెదురుగా గూట్లో నిలబెట్టి దీపం ఆర్పాడు. చాలాసేపు చెవులు రిక్కించి పడుకున్నాడు. పుటుక్కుమనలేదు. బయట గాలి కూడా పడిపోయింది. ఇల్లు ఇప్పుడే ఖాళీ అయినట్టనిపించింది.

అప్పుడు గూట్లో కొయ్య మెల్లగా, సాగదీసినట్టు కిర్రుమంది.

అగ్గిపుల్ల గీశాడు. మేకుల తలలు మెరిశాయి. చేతులు కిందికే ఉన్నాయి. మొహం మాత్రం గోడవైపు తిరిగిపోయింది.

ఆ మెడకు అతను కీలు పెట్టలేదు.