నొప్పి అడిగే మనిషి

నీళ్ళ గ్లాసు గోడకి తగిలి భళ్ళున పగిలింది.

విసిరింది వెల్డరు. ఆపరేషన్ కుడి భుజానికి కాబట్టి ఎడమ చేత్తో విసిరాడు.

"నొప్పి ఎలా ఉందని ఇంకోసారి అడిగావంటే మర్యాద దక్కదు."

ఎదురుగా నిలబడ్డ నడివయసు ఆమె ఐసు సంచీ మంచం మీద పెట్టి, వంగి గాజుముక్కలు ఏరసాగింది.

ఆ వార్డులో, అలవాటుగా మారే మత్తుమందు జోలికి పోకుండా నొప్పి తగ్గించే మాత్రలు రెండు రకాలు ఇచ్చి, ఏది మేలో పోల్చి చూస్తున్నారు. ఎవరికి ఏది ఇచ్చిందీ చెప్పరు. భరించలేకపోతే మందు మారుస్తామన్నారు. అంతా విని వెల్డరు తలూపాడు. తీరా ఆపరేషన్ అయ్యాక భుజంలో నిప్పులు పోసినట్టుంది. పక్క మంచం మనిషేమో హాయిగా పేపరు చదువుకుంటున్నాడు.

తనకే పనికిరానిది అంటగట్టారని వెల్డరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క ఇంజెక్షన్ పొడిస్తే పోయే నొప్పికి ఈ మాత్రలేంటి? మీ ఇంట్లోవాళ్ళకైతే ఇలాగే చేస్తారా?"

ఆమె గాజుముక్కలు కాగితంలో చుట్టింది.

"చేసుంటే బాగుండేది బాబూ," అంది.

అతనికది వెటకారంలా వినిపించింది. బయటికి పొమ్మని కేకలేశాడు.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చి మందు మార్చింది. నొప్పి దిగింది గాని కోపం దిగలేదు. ఆ మనిషిని మళ్ళీ వార్డులోకి రానివ్వొద్దని పట్టుబట్టాడు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతే వినిపించుకోలేదు.

ఆమె మళ్ళీ రాలేదు.

ఇంటికి పంపే రోజు, కట్టు మారుస్తున్న నర్సు మొహం మాడ్చుకుని ఉంది. ఏమ్మా, నా మీద కోపమా అని అడిగాడు.

"రాదా మరి? ఆరోజు ఆపరేషన్ గది గుమ్మంలో కాపు కాసి, డాక్టరుగారిని మీకోసం లాక్కొచ్చింది మీరు రానివ్వొద్దన్న ఆవిడే."

"జీతం తీసుకుంటోందిగా, చెయ్యాలి మరి."

"జీతమేంటండీ, ఆవిడ ఇక్కడ పనిచెయ్యదు. ఇలాంటి మాత్రలు వెతకండని ఏళ్ళ తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగింది. అవి మొదలయ్యాక మీలాంటివాళ్ళని చూసుకుంటానని బతిమాలి వచ్చేది."

"ఎందుకట?"

నర్సు కట్టు ముడి గట్టిగా బిగించింది.

"వాళ్ళబ్బాయికి కాలు విరిగితే మీరడిగిన ఇంజెక్షనే ఇచ్చారు, కాలు నయమైంది, వాడు మాత్రం ఆ మందు మానలేక దానితోనే పోయాడు."