కండక్టరమ్మ సీటు

"ముందు లారీ ఉంది. హోల్డాన్... ఆగండి... పోయింది. ఇక రైట్!"

బయల్దేరిన దగ్గర్నుంచీ ఆవిడ నోరు మూతపడలేదు. కారు పాతది. స్టీరింగు ముందు మొగుడు, పక్క సీట్లో ఆవిడ. ఆయన బస్సు నడిపిన రోజుల్లో అదే బస్సులో టికెట్లు కొట్టింది ఆవిడే. ముందు రూటు కలిసింది, తర్వాత మనసులు కలిశాయి. ఇద్దరూ రిటైరైనా అమ్మ ఇంకా డ్యూటీ దిగలేదని పిల్లల వేళాకోళం.

"ఎడమ పక్క సైకిలు. వాడికి చెవుల్లేవు కాబోలు, హారన్ కొట్టండి."

కొట్టాడు.

"చిత్తం, కండక్టరమ్మా."

"ఆ వెటకారమే వద్దు. రోడ్డు మీద పెట్టండి ధ్యాస."

ఏటా వేసవిలో పిల్లల్ని చూడటానికి ఇలా వెళ్తారు. కొడుకూ కూతురూ ఉండేది ఒకే ఊళ్లో. ఎప్పుడూ సరదాగా సాగే ప్రయాణమే, ఈసారి మాత్రం పరీక్షకి వెళ్తున్నట్టుంది.

పోయినేడు ఆవిడ బాత్రూంలో జారిపడింది. అప్పుడే పిల్లలిద్దరూ కూడబలుక్కుని చెప్పేశారు. ఇక మీ ఇద్దరివల్లా కాదు అనిపిస్తే నాన్న కొడుకు దగ్గర, అమ్మ కూతురి దగ్గర. ఇద్దర్నీ కలిపి ఉంచుకునే చోటు ఎవరింట్లోనూ లేదు. వాళ్లకి దురుద్దేశమేమీ లేదు, పాపం. కానీ ఆ మాట విన్న రోజు ఆవిడకి ముద్ద దిగలేదు. ఈ వయసులో మొగుడి దగ్గుని ఫోన్లో వినాలా?

అందుకే మోకాలి పట్టీ బయటికి కనబడకుండా కట్టుకుంది.

"నువ్వు మాత్రం కుంటకు," అన్నాడాయన. "నా చెయ్యి పట్టుకుని నడువు. ముసలాళ్ల ముచ్చట అనుకుంటారు."

"మీరు మాత్రం ఎక్కువ మాట్లాడకండి. దొరికిపోతాం."

ఎండ మండిపోతోంది. పెట్రోలు బంకులో ఆయన సీట్లోంచి కదల్లేదు. ఆవిడే దిగి పెట్రోలు కొట్టించి, డబ్బులిచ్చి, టీ తెచ్చి చేతిలో పెట్టింది.

"మహారాజయోగం సార్ మీది!" అన్నాడు బంకు మనిషి.

"రాసి పెట్టుండాలి బాబూ," అన్నాడాయన. ఆవిడ నవ్వలేదు.

మధ్యాహ్నానికి కొడుకు ఇల్లు చేరారు. ఆవిడ చెప్పినట్టే తిప్పి, చెప్పిన చోట ఆపాడు. అంత ఇరుకు గేటులోంచి గీత పడకుండా కారు లోపలికొచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్లెక్కుతుంటే కోడలు కిసుక్కున నవ్వింది.

కూతురు అప్పటికే వచ్చి కూర్చుంది. కళ్లన్నీ తల్లి కాళ్ల మీదే. ఆవిడ పళ్లబిగువున తిన్నగా నడిచింది. ఆయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, పొద్దుటి పేపర్లో వార్తలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. భోజనాలయ్యాక కొడుకు చెల్లెలి వైపు తిరిగి, "ఇద్దరూ గుండ్రాళ్లల్లే ఉన్నారు. మనమే అనవసరంగా కంగారుపడ్డాం," అన్నాడు.

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. గండం గట్టెక్కినట్టే. ఇంకొక్క రోజు ఎలాగో గడిస్తే చాలు, ఇంటికి పోవచ్చు.

ఎండ తగ్గగానే మనవలు తాతని పట్టుకున్నారు. ఐస్‌క్రీం కావాలి. అదీ కార్లోనే వెళ్లాలి. చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని కారు దాకా లాక్కుపోయారు.

"తీసుకెళ్లు నాన్నా. సందు దాటి మెయిన్ రోడ్డు ఎక్కితే అక్కడే షాపు," అన్నాడు కొడుకు.

"పదండి, నేనూ వస్తా," అంటూ ఆవిడ లేచింది.

ముందు సీట్లో మనవరాలు ఎప్పుడో ఎక్కేసింది. "నువ్వొద్దు నానమ్మా! నువ్వు ఊరికే అరుస్తావు!"

అందరూ నవ్వారు. కూతురు ఆవిడ భుజం నొక్కి కూర్చోబెట్టింది. "ఉండమ్మా. నాన్నని ఒక్కసారన్నా ప్రశాంతంగా నడపనియ్."

"అమ్మ లేకపోతే బండి కదలదా ఏంటి నాన్నా?" అన్నాడు కొడుకు.

ఆయన ఒక చెయ్యి కారు మీద ఆనించి నిలబడ్డాడు. రెండో చేతిలో తాళాలు.

"ఎందుకు కదలదు?" అన్నాడు. ముఖం ఆవిడ వైపు తిప్పాడు.

ఆవిడ నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఆ మాట అంటే రేపటికి ఆయన పెట్టె ఈ ఇంట్లో, తన పెట్టె ఆ ఇంట్లో. ఆయనే ఏదో వంక పెట్టి దిగిపోతాడులే అనుకుంది. ఆవిడే ఆపుతుందని ఆయనా అనుకుంటున్నాడేమో. తలుపు పడింది. ఇంజను స్టార్టయింది.

మనవరాలు కిటికీలోంచి తల బయటపెట్టి, అచ్చం నానమ్మలాగే కేకేసింది. "రైట్... రైట్!"

జీవితమంతా ఆ మాటకి అలవాటుపడ్డ కాలు క్లచ్ వదిలేసింది.

"హోల్డాన్!"

కూతురి చెయ్యి విదిలించుకుని ఆవిడ పరిగెత్తింది. పట్టీ ఊడి పాదం మీదకి జారింది. కుంటుతూ, పడుతూ, లేస్తూ గేటు పట్టుకుంది.

"అమ్మా! ఆ కాలికేమైంది?" వెనక నుంచి కొడుకు అరుస్తున్నాడు.

కారు అప్పటికే సందు సగం దాటింది. లోపల పిల్లలు కేరింతలు కొడుతున్నారు. అవతల మెయిన్ రోడ్డు మీద లారీల హారన్లు. "హోల్డాన్, హోల్డాన్" అని ఆవిడ గొంతు చించుకుంటోంది.

చూపు మసకబారి, ఎదురొచ్చేది లారీయో మనిషో ఆవిడ చెబితే తప్ప ఆయనకి తెలియక ఏడాది దాటింది.