గడప దగ్గరి మాట

హ్యాండిల్ తిప్పి నడిపే పాత సైకిళ్ళను ప్రభుత్వం రోడ్డెక్కనివ్వడం మానేశాక, ఆఫీసుకు వెళ్ళడానికి కొత్తది కొందామని అమ్మతో షాపుకెళ్ళాను. కొత్తవి మన మాట విని తామే దారి చూసుకుంటాయి. మనం తొక్కడమే.

బూడిదరంగుది ఎక్కి, అలవాటుగా “వెళ్ళొస్తానమ్మా” అన్నాను. అది వీధి చివరిదాకా వెళ్ళి, ఆగకుండా నన్ను వెనక్కి తెచ్చేసింది.

“వెళ్ళొస్తానంటే అంతేనండి. ఆఫీసు దగ్గర ఆగాలంటే ‘వెళ్తాను’ అనాలి,” అన్నాడు షాపతను.

“ఇంట్లోంచి కదిలేటప్పుడు ఎవరన్నా ఆ మాటంటారా బాబూ? తిరిగి రానోళ్ళ మాటది. ఇంకోటి చూపించు,” అంది అమ్మ.

“అన్నీ అంతేనండి.”

బూడిదరంగుదే తీసుకున్నాం.

మర్నాడు పొద్దున గడప దాటి, సైకిలెక్కి “వెళ్తాను” అన్నాను. రోజూ “వెళ్ళి రా” అనే అమ్మ, సైకిలు వింటుందని కొంగు నోట్లో కుక్కుకుంది.